షేర్ మార్కెట్ బేసిక్స్: లాభం చూపించిన కంపెనీ దగ్గర డబ్బు ఉన్నట్టేనా? షేర్ కొనే ముందు ఈ లెక్కలు తెలుసుకోండి..

పాన్, ఆధార్, ఒక సెల్ఫీ.. ఫోన్‌లో కాసేపు కూర్చుంటే డీమ్యాట్ అకౌంట్ ఓపెన్ అయిపోతుంది. ఆ తర్వాత వంద రూపాయలున్నా ఏదో ఒక షేర్ కొనేయొచ్చు. కొనడం ఇంత ఈజీ అయిపోయింది కానీ, కొంటున్నది ఏంటో తెలుసుకోవడం మాత్రం చాలామందికి ఇంకా కష్టంగానే ఉంది. "ఆ షేర్ పెరుగుతుందట" అని ఎవరో చెప్తే కొంటాం. పడితే మార్కెట్‌ను తిట్టుకుంటాం. ఆ కంపెనీ దగ్గర డబ్బు ఉందా? అప్పు ఎంత? చూపిస్తున్న లాభం నిజంగా చేతికి వస్తోందా? ఈ మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ.

ఈ ప్రశ్నల విలువేంటో హైదరాబాద్‌కు బాగా తెలుసు. ఇక్కడే పుట్టి, ఇక్కడే కుప్పకూలిన ఒక పెద్ద కంపెనీ నేర్పిన పాఠం అది. దాని పేరు సత్యం కంప్యూటర్స్. కొత్తగా షేర్లలోకి వస్తున్నవాళ్లకు ఆ కథలోనే సగం పాఠాలు దొరుకుతాయి. ఆ లెక్కలేంటో, వాటిని మనం ఎలా చదవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క రోజులో రూ.179 నుంచి రూ.40కి.. ఆ రోజు ఏం జరిగింది?

2009 జనవరి 7. అప్పటికి సత్యం దేశంలోని టాప్ ఐటీ కంపెనీల్లో ఒకటి. 50 వేల మందికి పైగా ఉద్యోగులు. అమెరికాలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కూడా లిస్టింగ్. కొన్ని నెలల ముందే, అంటే 2008లో, మంచి కార్పొరేట్ పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా అందుకుంది.

ఆ రోజు ఉదయం కంపెనీ చైర్మన్ బి.రామలింగరాజు నుంచి ఒక లేఖ బయటకొచ్చింది. కంపెనీ లెక్కల్లో చూపించిన డబ్బులో చాలా భాగం అసలు లేనే లేదని ఆ లేఖ సారాంశం. ముందురోజు దాదాపు రూ.179 దగ్గర ముగిసిన షేర్, ఆ రోజు రూ.40 దగ్గర ఆగింది. వంద షేర్లు ఉన్న మనిషికి నిన్న సుమారు రూ.17,900. ఈరోజు రూ.4 వేలు. ఆ ఒక్కరోజే సెన్సెక్స్ కూడా 7 శాతానికి పైగా పడిపోయింది.

ఆ లేఖలో ఏముందో అర్థం కావాలంటే ముందు బేసిక్స్ తెలియాలి. షేర్ అంటే ఏంటి, లాభం అంటే ఏంటి, లాభానికీ డబ్బుకీ తేడా ఏంటి.. ఇక్కడి నుంచి మొదలుపెడదాం.

అసలు షేర్ అంటే ఏంటి?

మీ కాలనీలో ఒకావిడ ఇడ్లీ, దోశ పిండి రుబ్బి అమ్ముతున్నారనుకోండి. గిరాకీ బాగా పెరిగింది. పెద్ద గ్రైండర్లు, ఫ్రిజ్, ఒక ట్రాలీ ఆటో కావాలి. మొత్తం రూ.15 లక్షలు అవసరం. ఆవిడ దగ్గర రూ.6 లక్షలు ఉన్నాయి. చుట్టాలు, తెలిసినవాళ్లు కలిసి రూ.4 లక్షలు పెట్టారు. మిగతా రూ.5 లక్షలు బ్యాంకు అప్పు.

ఇందులో ఆవిడా, చుట్టాలూ పెట్టిన రూ.10 లక్షలు సొంత పెట్టుబడి. దీన్నే ఈక్విటీ అంటారు. ఈ పది లక్షలను రూ.10 చొప్పున లక్ష ముక్కలు చేస్తే, ఒక్కో ముక్క ఒక షేర్. ఆ రూ.10 ముఖ విలువ, అంటే ఫేస్ వాల్యూ. ఆవిడకు 60 వేల షేర్లు, అంటే 60 శాతం వాటా. వ్యాపారం మొదలుపెట్టి నడిపిస్తున్నది ఆవిడే కాబట్టి ఆవిడే ప్రమోటర్. మిగతా 40 శాతం మిగతావాళ్లది.

బ్యాంకు ఇచ్చిన రూ.5 లక్షలు మాత్రం అప్పు. ఇక్కడే అసలు తేడా ఉంది. పిండి అమ్ముడైనా, అమ్ముడుపోకపోయినా బ్యాంకుకు వడ్డీ కట్టాల్సిందే. షేర్ ఉన్నవాళ్లకు అలాంటి గ్యారెంటీ ఏమీ ఉండదు. లాభం వస్తే వాటా, రాకపోతే లేదు. వ్యాపారం మూతపడితే ముందు అప్పులవాళ్లు, జీతాలు, పన్నులు.. అన్నీ తీర్చాక ఏమైనా మిగిలితే అది షేర్ హోల్డర్లకు. అంటే వరుసలో చివరి మనిషి మీరే. కాకపోతే ఒక రక్షణ ఉంది. కంపెనీ ఎంత మునిగినా మీరు పెట్టిన డబ్బు వరకే పోతుంది. కంపెనీ అప్పులకు మీ ఇంటికి వచ్చి ఎవరూ అడగరు.

మీరు యాప్‌లో కొనే షేర్ కూడా ఇంతే. సైజు మాత్రమే పెద్దది.

మీరు షేర్ కొంటే ఆ డబ్బు కంపెనీకి వెళ్తుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. మార్కెట్లో రోజూ జరిగే కొనుగోళ్లలో మీ డబ్బు కంపెనీకి వెళ్లదు. ఆ షేర్‌ను అమ్మిన మరో ఇన్వెస్టర్‌కు వెళ్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కొంటే డబ్బు పాత ఓనర్‌కు వెళ్తుంది కదా, బండి తయారు చేసిన కంపెనీకి కాదు. ఇదీ అంతే.

కంపెనీకి డబ్బు వెళ్లేది కొత్త షేర్లు జారీ చేసినప్పుడు. మొదటిసారి ప్రజల దగ్గరికి వస్తే దాన్ని ఐపీఓ అంటారు. కానీ అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. ఒకటి ఫ్రెష్ ఇష్యూ. ఇందులో కొత్త షేర్లు పుడతాయి, డబ్బు కంపెనీ ఖాతాలో పడుతుంది. రెండోది ఆఫర్ ఫర్ సేల్. ఇందులో పాత ఓనర్లు తమ షేర్లు అమ్ముకుంటారు, డబ్బు వాళ్ల జేబులోకి వెళ్తుంది.

2022 మేలో వచ్చిన ఎల్‌ఐసీ ఐపీఓ గుర్తుందా? సుమారు రూ.21 వేల కోట్ల ఆ ఇష్యూ మొత్తం ఆఫర్ ఫర్ సేలే. కేంద్ర ప్రభుత్వం తన వాటాలో కొంత అమ్ముకుంది. ఆ సొమ్ము ఎల్‌ఐసీ వ్యాపారంలోకి రాలేదు. ఇష్యూ ధర రూ.949 అయితే, లిస్టింగ్ రోజు అంతకంటే తక్కువకే ట్రేడింగ్ మొదలైంది. ఐపీఓ అంటే లాటరీ అనుకుని అప్లై చేసినవాళ్లకు ఆ రోజు షాక్ తగిలింది.

కాబట్టి ఏ ఐపీఓ వచ్చినా ప్రాస్పెక్టస్‌లో ముందు చూడాల్సింది ఇదే. మీ డబ్బుతో కంపెనీ ఏం చేయబోతోంది? ఫ్యాక్టరీ కడుతుందా? అప్పు తీరుస్తుందా? లేక పాత ఇన్వెస్టర్లు తమ డబ్బు తీసుకుని వెళ్లిపోతున్నారా? ఆఫర్ ఫర్ సేల్ తప్పేమీ కాదు. కానీ ఏది జరుగుతోందో తెలిసి డబ్బు పెట్టాలి.

రూ.20 షేర్ చవక, రూ.2,000 షేర్ ఖరీదా?

కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే. షేర్ ధర ఒక్కటి చూసి ఏమీ చెప్పలేం. కంపెనీకి మొత్తం ఎన్ని షేర్లు ఉన్నాయో కూడా చూడాలి.

మన పిండి కంపెనీ షేర్ మార్కెట్లో రూ.40 పలుకుతోందనుకోండి. ఉన్నవి లక్ష షేర్లు. అంటే కంపెనీ మొత్తానికి మార్కెట్ కడుతున్న విలువ రూ.40 లక్షలు. దీన్ని మార్కెట్ క్యాపిటలైజేషన్, షార్ట్‌కట్‌లో మార్కెట్ క్యాప్ అంటారు.

టైర్ల కంపెనీ ఎంఆర్ఎఫ్ షేర్ 2023 జూన్‌లో రూ.లక్ష దాటింది. దేశంలోనే పెద్ద కంపెనీ కాబట్టి అనుకుంటే పొరపాటు. ఆ కంపెనీకి ఉన్నవి దాదాపు 42 లక్షల షేర్లే. అదే పెద్ద కంపెనీల్లో షేర్లు వందల కోట్లలో ఉంటాయి. అందుకే ఒక్కో ముక్క ధర తక్కువగా కనిపిస్తుంది. స్ప్లిట్, బోనస్ విషయంలోనూ ఇదే లెక్క. ఐదు వందల నోటును ఐదు వంద నోట్లుగా మారిస్తే మీరు ధనవంతులు అయిపోరు కదా!

మరి చవకా, ఖరీదా ఎలా తెలుస్తుంది? దానికి లాభంతో పోల్చాలి. పిండి కంపెనీకి ఏడాదికి రూ.2 లక్షల లాభం వచ్చింది. లక్ష షేర్లతో భాగిస్తే ఒక్కో షేర్‌కు రూ.2. ఇదే ఈపీఎస్. షేర్ ధర రూ.40ని ఆ రూ.2తో భాగిస్తే 20 వస్తుంది. ఇదే పీఈ రేషియో. అంటే ఇప్పుడు వస్తున్న ఒక్క రూపాయి లాభం కోసం మీరు రూ.20 చెల్లిస్తున్నారన్నమాట.

అదే వ్యాపారంలో ఉన్న మిగతా కంపెనీల పీఈ 15 అయితే, మీరు ఎక్కువ పెడుతున్నారు. ఎందుకు ఎక్కువ పెడుతున్నారో మీ దగ్గర సమాధానం ఉండాలి. అయితే పీఈ తక్కువ ఉన్న ప్రతి షేర్ మంచిదనీ కాదు. ఎందుకంటే ఈ లెక్క మొత్తం లాభం అనే ఒక్క అంకె మీద నిలబడింది. ఆ అంకె నిజమో కాదో తేల్చుకోకపోతే పీఈకి విలువే లేదు.

లాభం వచ్చింది.. మరి గల్లాపెట్టెలో డబ్బులేవి?

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. పిండి కంపెనీ ఏడాదిలో రూ.30 లక్షల సరుకు అమ్మింది. బియ్యం, మినప్పప్పు, కరెంటు, జీతాలు, వడ్డీ అన్నీ కలిపి ఖర్చు రూ.28 లక్షలు. లాభం రూ.2 లక్షలు. కాగితం మీద బాగానే ఉంది.

కానీ ఆ రూ.30 లక్షల్లో రూ.5 లక్షల సరుకు హోటళ్లు ఖాతాలో రాయించుకుని తీసుకెళ్లాయి. "వచ్చే నెల ఇస్తాం" అన్నాయి. ఇంకా ఇవ్వలేదు. అంటే చేతికి వచ్చింది రూ.25 లక్షలే. ఖర్చయింది మాత్రం రూ.28 లక్షలు. లాభం రూ.2 లక్షలు అని రాసుకున్న ఏడాదే గల్లాపెట్టెలో రూ.3 లక్షల లోటు!

ఇది మోసం కాదు. అకౌంటింగ్ రూల్స్ ప్రకారం సరుకు అమ్మినప్పుడే ఆదాయం రాస్తారు, డబ్బు ఎప్పుడు వచ్చినా సరే. ఉద్దెర ఇచ్చే ప్రతి కిరాణా షాపు ఓనర్‌కూ ఈ బాధ తెలుసు. పెద్ద కంపెనీల్లో ఈ ఉద్దెర పద్దునే ట్రేడ్ రిసీవబుల్స్ అంటారు. అమ్మకాల కంటే ఈ బాకీలు వేగంగా పెరుగుతుంటే ఆగి ఆలోచించాల్సిందే. సరుకు నిజంగా అమ్ముడవుతోందా, లేక కాగితం మీదే అమ్ముడవుతోందా అని.

కంపెనీలు చూపించే మూడు కాగితాలు ఏంటి?

లిస్టెడ్ కంపెనీలు ప్రతి మూడు నెలలకు ఫలితాలు చెప్పాలి. ఏడాదికోసారి పూర్తి వార్షిక నివేదిక ఇవ్వాలి. అందులో మూడు ముఖ్యమైన పట్టికలు ఉంటాయి.

మొదటిది ప్రాఫిట్ అండ్ లాస్ అకౌంట్, అంటే లాభనష్టాల పట్టిక. ఎంత అమ్మారు, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది ఇందులో ఉంటుంది. టీవీలో, యాప్‌లో వచ్చే "లాభం ఇంత శాతం జంప్" అనే హెడ్‌లైన్ ఇక్కడి నుంచే వస్తుంది.

రెండోది బ్యాలెన్స్ షీట్, అంటే ఆస్తి అప్పుల పట్టిక. ఫలానా తేదీ నాటికి కంపెనీ దగ్గర ఏమున్నాయి, ఎవరికి ఎంత బాకీ ఉంది అన్నది ఇందులో చూడొచ్చు. పిండి కంపెనీలో సొంత పెట్టుబడి రూ.10 లక్షలు, అప్పు రూ.5 లక్షలు. అంటే రూపాయి సొంత డబ్బుకు అర్ధ రూపాయి అప్పు. దీన్నే డెట్ ఈక్విటీ రేషియో అంటారు. ఇక్కడ 0.5. ఈ అంకె ఏటా పెరుగుతూ పోతుంటే కారణం వెతకాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు మాత్రం ఈ కొలత పనికిరాదు. అప్పు తెచ్చి అప్పు ఇవ్వడమే వాటి వ్యాపారం కాబట్టి వాటిని వేరే లెక్కలతో చూస్తారు.

మూడోది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే నగదు రాకపోకల పట్టిక. నిజంగా ఎంత డబ్బు లోపలికి వచ్చింది, ఎంత బయటకు పోయింది అన్నది ఇందులో తెలుస్తుంది. దీన్ని చూసేవాళ్లే తక్కువ. కానీ కొత్తవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. ఇందులో మొదటి భాగం "ఆపరేటింగ్ యాక్టివిటీస్" అని ఉంటుంది. అసలు వ్యాపారం నుంచి వచ్చిన నగదు అది. నాలుగైదేళ్ల లాభాలను ఒక పక్కన, అవే ఏళ్ల ఆపరేటింగ్ క్యాష్‌ను మరో పక్కన కూడి చూడండి. రెండూ దాదాపు కలిసి నడుస్తుంటే మంచిదే. లాభం మాత్రం పెరుగుతూ, నగదు రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు.

సత్యం లెక్కల్లో రూ.588 కోట్ల రహస్యం

ఇప్పుడు 2009 నాటి ఆ లేఖ దగ్గరికి వెళ్దాం. ఈసారి అంకెలు మీకే అర్థమవుతాయి.

2008 జులై నుంచి సెప్టెంబర్ వరకు, ఆ మూడు నెలలకు సత్యం చూపించిన ఆదాయం రూ.2,700 కోట్లు. లేఖలో ఒప్పుకున్న అసలు ఆదాయం రూ.2,112 కోట్లు. తేడా రూ.588 కోట్లు.

అదే మూడు నెలలకు చూపించిన ఆపరేటింగ్ లాభం రూ.649 కోట్లు, అంటే ఆదాయంలో 24 శాతం. అసలు లాభం రూ.61 కోట్లు, అంటే 3 శాతం. ఇక్కడ తేడా ఎంతో చూడండి. అదే రూ.588 కోట్లు!

రెండూ ఒకటే ఎలా అయ్యాయి? సింపుల్. నిజంగా ప్రాజెక్టు చేస్తే ఉద్యోగులకు జీతాలివ్వాలి, ఖర్చులుంటాయి. లేని ప్రాజెక్టుకు ఖర్చు ఏముంటుంది? అందుకే దొంగ ఆదాయం ప్రతి రూపాయీ నేరుగా లాభంలోకి వెళ్లిపోయింది. తర్వాత జరిగిన దర్యాప్తుల్లో ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు బయటపడ్డాయి.

సరే, లాభం రాసేశారు. మరి ఆ డబ్బు ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా? అందుకే బ్యాంకులో ఉన్నట్టు రాశారు. 2008 సెప్టెంబర్ 30 నాటికి నగదు, బ్యాంకు బ్యాలెన్స్ రూ.5,361 కోట్లు అని చూపించారు. అందులో రూ.5,040 కోట్లు అసలు లేవు. అంటే ప్రతి వంద రూపాయల్లో 94 రూపాయలు ఉత్తివే. లేని డిపాజిట్ల మీద రూ.376 కోట్ల వడ్డీ రావాల్సి ఉందని కూడా రాశారు. రావాల్సిన బాకీలను రూ.490 కోట్లు పెంచారు. మరోవైపు రూ.1,230 కోట్ల అప్పును పుస్తకాల్లో చూపించలేదు.

ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం అంటారు కదా, అచ్చం అదే. మొదట్లో చిన్న తేడాగా మొదలైంది ఏళ్లు గడిచేకొద్దీ కొండలా పెరిగిపోయిందని, పులి మీద స్వారీలా దిగలేని స్థితి వచ్చిందని ఆ లేఖలో రాజు రాసుకొచ్చారు.

ఆ గొయ్యి పూడ్చడానికి చివరి ప్రయత్నం కూడా జరిగింది. 2008 డిసెంబర్ 16న, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా కంపెనీలను సత్యం దాదాపు 160 కోట్ల డాలర్లకు కొంటుందని ప్రకటించారు. ఇంగ్లిష్‌లో సత్యం పేరును వెనక నుంచి చదివితే మేటాస్! లేని నగదు స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టాలన్నది ప్లాన్ అని లేఖలోనే ఉంది. కానీ ఐటీ కంపెనీ డబ్బుతో చైర్మన్ కుటుంబ కంపెనీలు కొనడమేంటని ఇన్వెస్టర్లు తిరగబడ్డారు. గంటల్లోనే ఆ డీల్ వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకు లేఖ బయటకొచ్చింది.

ఇలా కంపెనీకీ, దాన్ని నడిపేవాళ్ల సొంత సంస్థలకూ మధ్య జరిగే లావాదేవీలను రిలేటెడ్ పార్టీ ట్రాన్సాక్షన్స్ అంటారు. వార్షిక నివేదికలో వీటికి ప్రత్యేకంగా ఒక పట్టిక ఉంటుంది. అక్కడ పెద్ద మొత్తాలు కనిపిస్తే ఎందుకో చదవాల్సిందే.

ఓనర్ వాటా తగ్గుతోందా? షేర్లు తాకట్టులో ఉన్నాయా?

సత్యంలో ప్రమోటర్ల వాటా 2001లో దాదాపు 25 శాతం ఉండేది. 2008 మార్చి నాటికి 9 శాతం లోపుకు వచ్చింది. లేఖ బయటకొచ్చే సమయానికి 4 శాతం కూడా లేదు.

చివర్లో అంత వేగంగా ఎందుకు తగ్గింది? తాకట్టు వల్ల. బంగారం కుదువ పెట్టి అప్పు తెచ్చుకున్నట్టే ప్రమోటర్లు తమ షేర్లు పెట్టి అప్పు తెచ్చుకుంటారు. దీన్ని ప్లెడ్జింగ్ అంటారు. షేర్ ధర పడితే అప్పిచ్చినవాళ్లు ఇంకా షేర్లు పెట్టమంటారు. పెట్టలేకపోతే ఉన్నవి అమ్మేస్తారు. అలా అమ్మితే ధర ఇంకా పడుతుంది. మేటాస్ డీల్ బెడిసికొట్టాక సత్యంలో జరిగింది ఇదే.

అప్పట్లో ఈ తాకట్టు వివరాలు చెప్పాలనే రూల్ లేదు. సత్యం దెబ్బకు 2009 జనవరిలోనే సెబీ ఆ రూల్ తెచ్చింది. ఇప్పుడు ప్రతి కంపెనీ షేర్ హోల్డింగ్ ప్యాటర్న్‌లో ప్రమోటర్ల వాటా ఎంత, అందులో ఎంత శాతం తాకట్టులో ఉంది అన్నది స్పష్టంగా ఉంటుంది. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ఫ్రీగా చూడొచ్చు. చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఆడిటర్ ఉన్నాడు, అవార్డు ఉంది.. అయినా మోసపోతే?

ఇది న్యాయమైన ప్రశ్నే. సత్యంలో పేరున్న ఆడిట్ సంస్థ లెక్కలు చూసింది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు బోర్డులో ఉన్నారు. బ్యాలెన్స్ షీట్‌లో డబ్బు ఉన్నట్టే ఉంది. పైగా అవార్డు. ఇంట్లో కూర్చుని వార్షిక నివేదిక చదివే మామూలు ఇన్వెస్టర్ ఆ బ్యాంకు కాగితాలు నకిలీవని ఎలా కనిపెడతాడు?

కనిపెట్టలేడు. అందుకే చదవడం ఎంత అవసరమో, డబ్బంతా ఒకేచోట పెట్టకపోవడం అంతే అవసరం. వంద రూపాయల్లో ఐదు రూపాయలు సత్యంలో ఉన్నవాళ్లకు 2009 జనవరి 7 ఒక చేదు రోజు. వందకు వంద అందులోనే పెట్టినవాళ్లకు, ముఖ్యంగా అక్కడే ఉద్యోగం చేస్తూ దాచుకున్న డబ్బు కూడా ఆ షేర్లలోనే ఉంచుకున్నవాళ్లకు అది జీవితాన్నే కుదిపేసిన రోజు. జీతం ఎక్కడి నుంచి వస్తోందో పొదుపు మొత్తం కూడా అక్కడే ఉంటే, కంపెనీకి దెబ్బ తగిలినప్పుడు రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

తర్వాత కథ కూడా తెలుసుకోవాలి. కేంద్రం పాత బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఒక్కో షేర్‌కు రూ.58 చొప్పున బిడ్ వేసి కంపెనీని దక్కించుకుంది. 2013లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. అప్పటిదాకా షేర్లు అట్టిపెట్టుకున్నవాళ్లకు ప్రతి 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు దక్కాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజు సహా పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష వేసింది. అప్పీల్ చేసుకోవడంతో మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్షను నిలిపివేసి బెయిల్ ఇచ్చింది.

వేలమంది ఉద్యోగులు, నిజమైన కస్టమర్లు ఉన్నారు కాబట్టి ఆ కంపెనీకి కొనేవాళ్లు దొరికారు. అన్ని కంపెనీలకూ అలా దొరకరు.

షేర్ కొనే ముందు ఈ 6 చెక్ చేయండి

1. కంపెనీ ఏం అమ్మి సంపాదిస్తోంది? ఇంట్లో అమ్మకు అర్థమయ్యేలా రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఇంకా చదవండి.

2. నాలుగైదేళ్లలో వచ్చిన లాభానికి తగ్గట్టు ఆపరేటింగ్ క్యాష్ వచ్చిందా?

3. అప్పు పెరుగుతోందా, తగ్గుతోందా? లాభంలో ఎంత భాగం వడ్డీకే పోతోంది?

4. రావాల్సిన బాకీలు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతున్నాయా?

5. ప్రమోటర్ల వాటా ఎంత? అందులో తాకట్టు ఎంత? కుటుంబ సంస్థలతో పెద్ద డీల్స్ ఏమైనా ఉన్నాయా?

6. ఆడిటర్ రిపోర్టులో అభ్యంతరాలు ఉన్నాయా? ఏడాది మధ్యలో ఆడిటర్ రాజీనామా చేశారా? చేస్తే కారణం ఏం చెప్పారు?

ఈ ఆరింటికీ సమాధానాలు మంచిగా వచ్చినా సరే, ఆ షేర్ రేపు పెరుగుతుందని గ్యారెంటీ లేదు. మార్కెట్ మూడ్, వడ్డీ రేట్లు, విదేశీ ఇన్వెస్టర్ల అమ్మకాలు.. ధరను కదిపేవి చాలా ఉంటాయి. కాకపోతే ధర పడినప్పుడు, కంపెనీ బాగుండి పడిందా, కంపెనీయే బాగోలేక పడిందా అన్నది మీకు తెలుస్తుంది. భయపడి అమ్మాలా, ఓపిక పట్టాలా అన్న నిర్ణయం అప్పుడు మీ చేతిలో ఉంటుంది.

టిప్స్ గ్రూపులు, ఆప్షన్స్ ట్రేడింగ్‌తో జాగ్రత్త

"రేపు ఈ షేర్ అప్పర్ సర్క్యూట్" అని మెసేజ్ వస్తే ఒక్కటే ఆలోచించండి. అంత కచ్చితంగా తెలిసినవాళ్లు ముందు మీకెందుకు చెప్తారు? తక్కువ ధరకు కొని పెట్టుకున్న షేర్లను మనలాంటి వాళ్లకు అంటగట్టడానికి ఇలాంటి గ్రూపులు నడిపేవాళ్లు ఉన్నారు. సలహా ఇచ్చేవాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, లాభం గ్యారెంటీ అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. వ్యక్తిగత ఖాతాకు డబ్బు పంపమంటే అక్కడితో కట్ చేసేయండి. కొన్న షేర్లు మీ డీమ్యాట్‌లోకి వచ్చాయో లేదో బ్రోకర్ యాప్‌లోనే కాదు, సీడీఎస్ఎల్ లేదా ఎన్‌ఎస్‌డీఎల్ పంపే స్టేట్‌మెంట్‌లోనూ చూసుకోండి.

ఇక ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్. 2024 సెప్టెంబర్‌లో సెబీ బయటపెట్టిన లెక్క ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో వందకు 93 మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి రూ.1.8 లక్షల కోట్లకు పైనే. ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు రూ.2 లక్షలు. అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి ఇందులో దిగడం అంటే చేజేతులా కొంప ముంచుకోవడమే.

కంపెనీల లెక్కలు చదివే టైమ్ లేదా? తప్పేమీ లేదు. అలాంటివాళ్లకు ఇండెక్స్ ఫండ్స్ ఉన్నాయి. నిఫ్టీ 50 ఫండ్‌లో డబ్బు పెడితే ఒకేసారి 50 పెద్ద కంపెనీల్లో కొంచెం కొంచెం వాటా ఉన్నట్టు. అందులో ఒకటి మునిగినా మిగతా 49 ఉంటాయి. మార్కెట్ మొత్తం పడితే ఇదీ పడుతుంది కాబట్టి, దగ్గర్లో అవసరం ఉన్న డబ్బు మాత్రం ఇందులో పెట్టొద్దు. పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, వచ్చే ఏడాది పెళ్లి ఖర్చు.. ఇవన్నీ బ్యాంకులోనే ఉండాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీరు రోజూ వాడే సబ్బో, బండో, బ్యాంకో.. ఏదో ఒక లిస్టెడ్ కంపెనీని ఎంచుకోండి. దాని వెబ్‌సైట్‌లో "ఇన్వెస్టర్స్" అనే పేజీ ఉంటుంది. అక్కడ వార్షిక నివేదిక డౌన్‌లోడ్ చేసి, నెట్ ప్రాఫిట్ అంకెనూ, ఆపరేటింగ్ క్యాష్ అంకెనూ వెతికి ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. బ్యాంకును ఎంచుకుంటే మాత్రం ఈ పోలిక సరిగ్గా కుదరదు, కాబట్టి మొదటిసారికి సబ్బుల కంపెనీయో, బండ్ల కంపెనీయో బెటర్. షేర్ కొనాల్సిన పని లేదు, రూపాయి ఖర్చు లేదు. ఆ రెండు అంకెలు ఎందుకు వేరుగా ఉన్నాయో వెతకడం మొదలుపెట్టారంటే, మీ డబ్బు గురించి మీరే ప్రశ్నలు అడగడం మొదలైనట్టే.